స్టోర్‌కి వాపస్ పంపని ట్రాన్స్‌ఫార్మర్

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌ని. పేరు, సెక్షన్ ఊరు ఇక్కడ రాయను. రాస్తే మా లైన్ ఇన్‌స్పెక్టర్‌కి (ఎల్ఐకి) తెలుస్తుంది, ఆయనకు తెలిస్తే డివిజన్ మొత్తానికి తెలిసినట్టే. పరకాల చుట్టుపక్కల అని మాత్రం అనుకోండి.

ఊళ్లో ఏఈ మేడం అంటే పెద్ద ఆఫీసర్ అనుకుంటారు. ఆఫీసులో సంగతి వేరు. పైన అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్ (ఏడీఈ), డివిజనల్ ఇంజనీర్ (డీఈ), సూపరింటెండింగ్ ఇంజనీర్ (ఎస్ఈ). కింద లైన్ ఇన్‌స్పెక్టర్, లైన్‌మన్లు, అసిస్టెంట్ లైన్‌మన్లు (ఏఎల్ఎం), జూనియర్ లైన్‌మన్లు (జేఎల్ఎం), ఆర్టిజన్లు. మడి ఎండితే రైతు తిట్టేది నన్నే, పైనుంచి మెమో దిగేదీ నాకే. ఒక్క రూల్ మార్చే అధికారం నాకు లేదు, కానీ ప్రతి రూల్‌నీ రోజూ అమలు చేయాల్సింది నేనే. 2023 జూన్‌లో ఆ సెక్షన్‌లో చేరాను, రెండేళ్లు చేశాను. ఆ రెండేళ్లలో కొన్ని రూల్స్ వంచాను, ఒకసారి బాగా దెబ్బ తిన్నాను, ఒకసారి చాలా భయపడ్డాను.

మొదట దెబ్బ సంగతి చెప్తా. స్టాఫ్ అంతా పొద్దున 10 గంటలకు సెక్షన్ ఆఫీసుకొచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మోటార్ల కంప్లయింట్లు పొద్దున 6 గంటలకే మొదలవుతాయి. చివరి ఊరు ఆఫీసుకు 14 కిలోమీటర్లు. అక్కడి లైన్‌మన్ ఫ్యూజ్ పనిలో ఉండి, తొమ్మిదింబావు కాగానే పని సగంలో వదిలి బండెక్కి, వచ్చి సంతకం పెట్టి, ఒక చాయ్ తాగి, మళ్లీ ఊరికి చేరేసరికి పదకొండున్నర. ఆ రెండు గంటలూ రైతు నాకు ఫోన్ చేస్తూనే ఉంటాడు. చేరిన నెలకే నాకు విసుగొచ్చి, రోజూ రావద్దు, శనివారం వచ్చి వారం సంతకాలన్నీ ఒకేసారి పెట్టేయండి అని చెప్పాను. స్టాఫ్‌కి నేను దేవతనైపోయాను. కంప్లయింట్లు కూడా నిజంగానే తగ్గాయి.

ఆగస్టులో ఒక గురువారం ఏడీఈ సార్ చెప్పకుండా వచ్చారు. పట్టీ తెరిచి చూస్తే సోమ, మంగళ, బుధ ఖాళీ. అది కూడా ఎలాగో సర్దుకునేది, కానీ ఒక మహానుభావుడు వచ్చే శనివారం రానవసరం లేకుండా ముందే పెట్టేసుకున్నాడు. గురువారం నాడు పట్టీలో శనివారం సంతకం ఉంది! సార్ అరుస్తారనుకున్నా. అరవలేదు. కుర్చీలో కూర్చుని మెల్లగా అడిగారు, "నువ్వు వాళ్లకు సాయం చేస్తున్ననుకుంటున్నవ్ కదా? రేపు వీళ్లల్ల ఒకడు పోల్ మీదికెళ్లి కిందపడ్తడు. ఆ టైముకు వాడు డ్యూటీల ఉన్నడో లేడో నీ రిజిస్టరే చెప్పాలె. ఈ సంతకాలు చూసి వాడి పెండ్లాం పిల్లలకు ఎవడిస్తడు పైసలు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ హాజరు పట్టీని నేను జీతాల కోసం, పెత్తనం కోసం పెట్టిన కాగితం అనుకున్నానే కానీ అందులో మనిషి ప్రాణానికి సంబంధించిన లెక్క ఉందని తట్టలేదు. మెమో వచ్చింది, జవాబు రాశాను, అయిపోయింది. కానీ 10 గంటల రూల్ మళ్లీ మొదలైతే రైతుల ఫోన్లు కూడా మళ్లీ మొదలవుతాయి కదా. అందుకని వారం రోజులు ఆలోచించి ఇంకో దారి పట్టాను. మా సెక్షన్‌లో రెండు సబ్‌స్టేషన్లున్నాయి. అక్కడ షిఫ్ట్ ఆపరేటర్ గంటగంటకు లాగ్ షీట్ ఎలాగూ రాస్తాడు. లైన్‌మన్ పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు తన సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎక్కడున్నాడో చెప్పాలి, ఆపరేటర్ టైముతో సహా రాసుకోవాలి, సాయంత్రం దిగేటప్పుడు కూడా అంతే. సంతకాలకు సోమవారం, గురువారం రావాలి, మిగతా రోజుల గడిలో లాగ్ షీట్ నంబరు రాయాలి, ముందస్తు సంతకం పెట్టినవాడికి ఆబ్సెంట్. ఇలా ఒక నెల చేసి చూస్తామని ఏడీఈ గారికి లెటర్ పెట్టాను.

ఆయన దాని మీద 'చూశాను' అని రాసి పొట్టి సంతకం చేసి పంపారు. మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు, 'చూశాను' అంటే అవునూ కాదు, కాదూ కాదు. తేడా వస్తే నీదే, బాగుంటే మనది. నాకు మొదట కోపమొచ్చింది కానీ తర్వాత ఆ మాట విలువ తెలిసింది. వద్దని అయితే రాయలేదు కదా. ఒక నెలకని మొదలుపెట్టింది రెండేళ్లు నడిచింది.

ఇక అసలు సంగతి. మా సెక్షన్‌లో వ్యవసాయం కింద మూడొందల పైచిలుకు ట్రాన్స్‌ఫార్మర్లు, ఎక్కువ శాతం 63, 100 కేవీఏల కెపాసిటీవి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక రాత్రి పూట బావి దగ్గర పడుకునే బాధ రైతుకు తప్పింది కానీ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ బాధ తప్పలేదు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్టీ వైపు, అంటే మోటార్లకు కరెంటు వెళ్లే వైపు, 133 ఆంపియర్లు ఇవ్వగలదు. 5 హెచ్‌పీ మోటారు ఒకటి దాదాపు 7 ఆంపియర్లు లాగుతుంది. అంటే 19 మోటార్లు. మా దగ్గర దాని మీద 26, 28 ఉండేవి, అందులో రికార్డుల్లో ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో అందరికీ తెలుసు. పైగా ఆటో స్టార్టర్లు. కరెంటు పోయి వచ్చిందంటే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కో మోటారు అయిదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజ్ కొట్టేయాలి. కొట్టదు, ఎందుకంటే మాటిమాటికీ కొడుతోందని ఎవరో అక్కడ ఫ్యూజ్ వైర్ బదులు అల్యూమినియం తీగ మెలేసి పెట్టి ఉంటారు. అది కరగదు, లోపల చుట్టలు కాలతాయి.

కాలితే ఏం జరగాలి? రూల్ ప్రకారం కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని దించాలి, నేను రిపోర్ట్ రాయాలి, ఏడీఈ సంతకం చేయాలి, దాన్ని హనుమకొండ షెడ్డుకు చేర్చాలి, అక్కడ సీరియల్ నంబరు చూసుకుని లోపలికి తీసుకుని, అప్పుడు బాగున్న ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వాలి. కాలింది ముందు, మంచిది తర్వాత. అన్నీ కలిసొస్తే రెండు రోజులు. అన్నీ ఎప్పుడు కలిసొచ్చాయి చెప్పండి?

2024 ఫిబ్రవరి 21, బుధవారం. మేడారం జాతర మొదలు, సారలమ్మ గద్దెకొచ్చే రోజు. మా లైన్‌మన్లు ఇద్దరు జాతర డ్యూటీలో, సంతకం చేయాల్సిన సార్ జాతర డ్యూటీలో, షెడ్డులో సగం మంది జాతర డ్యూటీలో. ఆ పొద్దున ఒక చిన్న ఊళ్లో 100 కేవీఏ పోయింది. రైతులే తలా ఇంత వేసుకుని ట్రాక్టర్ మాట్లాడుకుని కాలినదాన్ని ఎక్కించుకుని బయల్దేరారు. గూడెప్పాడ్ దగ్గర జాతర బండ్లలో ఇరుక్కున్నారు. సాయంత్రం దాకా కదల్లేదు. చీకటయ్యాక ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా వెనక్కి వచ్చేశారు. శుక్రవారం మళ్లీ పోయారు, చేరారు కానీ ఇచ్చే మనిషి లేడు. ఆ మడులకు నీళ్లు పారేసరికి మంగళవారం. అప్పటికి నాటు వేసి నెల కూడా కాలేదు, పిలకలు పెట్టే టైము.

శనివారం నాడు నేను ఆ మడి దగ్గరికి పోయాను. పోకపోయినా అయ్యేది, ఫోన్లో తిట్లు తినేబదులు ఎదురుగా తినడం నయమనిపించింది. ఒక పెద్దాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు, తిట్టలేదు. "చూడు బిడ్డా, నెర్రెలు వాసింది," అని కాలు పెట్టి చూపించాడు. బొటనవేలు దిగింది పగుల్లో. "కాలినదాన్ని తెస్తేనే మంచిదిస్తమంటరు. తేవడానికి తొవ్వ లేదాయె. అమ్మవార్లు గద్దె మీదికి వచ్చిన్లు, మా దగ్గరికి కరెంటు వస్తలేదు." పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే నేను ఒక పని చేశాను, ఇది ముందే చేయాల్సింది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని రైతే ట్రాక్టర్ కట్టుకుని తేవాలన్న రూల్ ఎక్కడుందో చూపించమని అడుగుతూ పోయాను. షెడ్డులో అడిగా, డివిజన్ ఆఫీసులో అడిగా, రిటైరైన ఒక సార్‌ని ఇంటికెళ్లి అడిగా. ఎక్కడా లేదు! ఏ సర్క్యులర్‌లోనూ లేదు. డిపార్ట్‌మెంట్ బండి ఒకటే ఉంటుంది, అది ఎప్పుడూ దొరకదు, కాబట్టి రైతు తెస్తాడు, అలా ఏళ్ల తరబడి తెచ్చీ తెచ్చీ అది రూల్ కంటే గట్టిపడిపోయింది. లేని రూల్‌ని వంచేదేముంది, ట్రాక్టర్ కిరాయి 2,000 రూపాయలకు ఓచర్ రాసి అకౌంట్స్‌కి పంపాను. రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి, "ఏ రూల్ ప్రకారం రైతు భరించాలో తెలుపగలరు" అని ఒక కాగితం జతచేసి పంపితే పాసైంది.

కానీ కాలింది ముందు, మంచిది తర్వాత అన్న రూల్ మాత్రం కాగితం మీద ఉంది. దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. హాజరు పట్టీ దగ్గర తిన్న దెబ్బ గుర్తుంది కాబట్టి ఈసారి తిట్టుకోకుండా, ఈ రూల్ దేన్ని కాపాడటానికి పెట్టారు అని చూశాను. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి ఉంటుంది, నూనె ఉంటుంది. పొలాల్లో రాత్రిపూట వాటిని పగలగొట్టి రాగి ఎత్తుకుపోయే దొంగలు మాకు కొత్త కాదు. కాలింది లోపలికి రాకుండా మంచిది బయటికిస్తే, కాలింది ఎటు పోయిందో ఎవరికీ లెక్క ఉండదు. ఆ భయంలో తప్పు లేదు. అయితే లెక్కకు లెక్క ఉంటే, వరుస మారిస్తే ఏం?

మార్చి మొదట్లో ఒక ఊళ్లో 63 తీసేసి 100 బిగించాం. ఆ తీసిన 63 బాగానే ఉంది. అలాంటిదాన్ని కాగితాలు రాసి స్టోర్‌కి వాపస్ పంపాలి, మా భాషలో డివల్యూట్ చేయాలి. నేను పంపలేదు. సబ్‌స్టేషన్ ఆవరణలో దిమ్మె మీద పెట్టించి, నూనె చూపించి, తేమ పీల్చే బ్రీదర్‌లో సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగి ఉంటే కొత్తది నీలం రంగుది నింపించి, ప్లాస్టిక్ పట్టా కప్పించాను. ఎల్ఐని పిలిచి, "అన్నా, ఇది ఇక్కడే ఉంటది," అన్నాను. ఆయన సర్వీసు నా వయసుకు దగ్గర్లో ఉంటుంది. పట్టా వైపు, నా వైపు రెండుసార్లు చూసి, "మేడం, గిది బాంబు లెక్కనే," అన్నాడు. అని, తనే పోయి తాడు తెచ్చి పట్టా గట్టిగా కట్టాడు.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. దానికి పేజీ నంబర్లు వేశాను, పెన్నుతోనే రాయాలి, కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం. ట్రాన్స్‌ఫార్మర్ సీరియల్ నంబరు, కెపాసిటీ, ఏ తేదీన ఎన్ని గంటలకు బయటికి పోయింది, ఏ పోల్ మీద బిగించాం, అక్కడ దించిన కాలినదాని నంబరేంటి, అది షెడ్డుకు ఎప్పుడు చేరింది, బదులుగా వచ్చినదాని నంబరేంటి. లైన్‌మన్ సంతకం, ఇద్దరు రైతుల సంతకాలు, ఫోన్లో ఫోటో. నెలాఖరున ఆ పేజీల జిరాక్స్ ఏడీఈ గారికి 'సమాచారార్థం' అని. ఆయన యథాప్రకారం 'చూశాను'. ఒకసారి మాత్రం ఫోన్లో అన్నారు, "నాకు చెప్పకుండ చేస్తున్నవ్ అనుకుంట నేను. కానీ రోజూ చెప్పు."

మొదటిసారి వాడింది మార్చి నెలాఖరులో, వరి పొట్ట మీదున్నప్పుడు. పొద్దున 8 గంటలకు 100 కేవీఏ పోయిందని ఫోన్, మధ్యాహ్నం మూడింటికి మా 63 పోల్ మీద ఉంది. అక్కడితో కథ సుఖాంతం అనుకున్నా. 63 అంటే 84 ఆంపియర్లు, అంటే 12 మోటార్లు. అక్కడున్నవి 24. అన్నీ వేస్తే సాయంత్రానికి ఇదీ కాలుతుంది, అప్పుడు నా ఉద్యోగం కూడా దాంతోపాటే. రైతులందర్నీ చెట్టుకింద కూర్చోబెట్టి వంతులు పెట్టుకొమ్మన్నాను. గంటన్నర గొడవ. ఒకాయనది చివరి మడి, ఇంకొకాయనకు బోరు రెండు గంటలకే వట్టిపోతుంది, ఇంకొకరికి పగలు కూలీకి పోవాలి, అన్నదమ్ములిద్దరికి మాటల్లేవు. నేను ఇంజనీరింగ్ చదివింది వరంగల్‌లోనే కానీ ఇలాంటి లోడ్ షేరింగ్ అక్కడ చెప్పలేదు. చివరికి ఒకామె, భర్త పోయాక ఎకరంన్నర ఒక్కతే చేసుకుంటోంది, లేచి, "నా వంతు ఆఖర్ల వెట్టుకోన్రి, రాత్రి రెండు గంటలకైనా నేనే వస్త, కానీ ఆటో స్టార్టర్ ఉన్నోడు ముందు దాని వైరు పీకి ఇక్కడ వెట్టాలె," అంది. ఆ మాటతో అందరూ ఊరుకున్నారు. పన్నెండు మోటార్లు ఆరు గంటలు, మరో పన్నెండు ఆరు గంటలు. రెండున్నర రోజులు అలా నడిచింది, 100 వచ్చాక మా 63 మళ్లీ పట్టా కిందకి చేరింది. ఆటో స్టార్టర్లు కొన్ని మళ్లీ ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు.

మే నాటికి మా పట్టా కింద ఇంకొకటి, 100ది చేరింది. ఆ యాసంగి చివరికి పక్క సెక్షన్ రైతులు నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు, ఆ ఏఈకి నా మీద కోపం, అది సహజమే. ఇంకో చిన్న పని కూడా అప్పుడే చేశాం, ఖర్చు లేనిది, ఎక్కువ ఫలితం ఇచ్చింది కూడా అదే అని నా అభిప్రాయం: ఫ్యూజ్ వైర్ చుట్టలు తెప్పించి ప్రతి లైన్‌మన్ బండి డిక్కీలో పెట్టించి, అల్యూమినియం తీగ కనిపించిన చోటల్లా పీకేసి సరైన గేజ్ వైర్ వేయించడం. ఫ్యూజ్‌లు ఎక్కువ కొట్టాయి, తిట్లు ఎక్కువయ్యాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం తగ్గింది.

ఇప్పటిదాకా చదివినవాళ్లకు నేను చాలా తెలివైనదాన్నని అనిపించి ఉంటే, 2024 ఆగస్టు సంగతి కూడా చదవండి.

ముసురు పట్టిన రోజు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద పైన హెచ్‌జీ ఫ్యూజ్, అంటే పై లైన్ వైపు ఫ్యూజ్, పోయింది. మా జేఎల్ఎం, చురుకైన పిల్లగాడు, ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఆపే ఏబీ స్విచ్ లాగేసి పోల్ ఎక్కాడు. పదకొండు కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల, లైన్ మీద చేయి పెట్టాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. ఫీడర్ ఆపించి, నంబరు రాసుకుని, డిశ్చార్జ్ రాడ్లతో ఎర్త్ చేసి, అప్పుడు. వీడు ఎల్సీ తీసుకోలేదు. ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లలో ఒకటి తుప్పు పట్టి సరిగా విడలేదు, వానలో పైకి తల ఎత్తి చూస్తే తప్ప కనపడదు. అదృష్టం బాగుండి ఎల్ఐ అటువైపు వేరే పనికి పోతూ చూశాడు. బండి కింద పడేసి కేకలు పెట్టాడట. పిల్లగాడి చెయ్యి అప్పటికి లేచింది, ఇంకా తగల్లేదు.

సాయంత్రం నా ముందు నిలబడ్డాడు, తడి బట్టలతోనే. ఎందుకు తీసుకోలేదురా అంటే, సబ్‌స్టేషన్ ఫోన్ ఎంగేజ్ వచ్చిందన్నాడు. మళ్లీ చేయొచ్చు కదా అన్నా. తల దించుకుని, "మన సెక్షన్ల రూల్స్ అంత పట్టించుకోం కదా మేడం, అని..." అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి తప్పేముంది? నేను ఏ రూల్ ఎందుకు వంచానో ఏడీఈకి లెటర్లు రాశాను, లాంగ్ బుక్‌లో రాశాను, వాళ్లకు మాత్రం ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. వాళ్లు చూసిందేంటంటే, మేడం రూల్స్ పక్కన పెడుతుంది, పని తొందరగా అవుతుంది, ఎవరూ ఏమనరు. అంతే. మిగతా రూల్స్‌కి బదులు ఇంకో కాపలా పెట్టొచ్చు, పుస్తకం పెట్టొచ్చు, ఫోటో పెట్టొచ్చు. ఎల్సీకి బదులు ఏం పెడతావ్? తెల్లారి అందర్నీ సబ్‌స్టేషన్‌కి పిలిచి, ఆ తుప్పు పట్టిన బ్లేడ్‌ని విప్పించి తెప్పించి బల్ల మీద పెట్టి, ఇవన్నీ చెప్పాను. ఎల్సీ కోసం ఆపరేటర్ దగ్గర రెండో సెల్‌ఫోన్ పెట్టించాను, నా పాతది. ఆ పిల్లగాడికి మెమో ఇచ్చాను.

మెమో దగ్గర స్టాఫ్‌కి నాకు చెడింది. "మేడం కూడా గంతే," అన్నారట. వాడికి పెళ్లి కుదిరే టైములో సర్వీసు రికార్డులో అది పడింది, వాళ్ల నాన్న వచ్చి ఆఫీసు బయట గంటసేపు నిలబడ్డాడు. మెమో తీసేయలేదు. నేను నా సొంత రూల్స్‌కి మెమోలు తిని, వాడికి మెమో ఇవ్వడం న్యాయమా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. అయినా మళ్లీ ఇవ్వాల్సి వస్తే ఇస్తాను.

2025 మొదట్లో ఆడిట్ వచ్చింది. స్టోర్ లెక్కల్లో మా సెక్షన్ నుంచి రావాల్సిన రెండు మంచి ట్రాన్స్‌ఫార్మర్లు రాలేదు, ఒకటి పది నెలలుగా, ఇంకొకటి ఎనిమిది నెలలుగా. ఎందుకు చర్య తీసుకోరాదో 15 రోజుల్లో తెలపాలని నోటీసు. ఇంట్లో చెప్పలేదు, టెన్షన్‌తో అన్నం సయించలేదు. లాంగ్ బుక్ మొత్తం జిరాక్స్ తీయించి, ఫోటోలు ప్రింట్ వేయించి, సీరియల్ నంబర్లన్నీ స్టోర్ రిజిస్టర్‌తో టిక్కు పెట్టి జతచేశాను. రెండూ ఇప్పుడు ఎక్కడున్నాయో వచ్చి చూసుకోవచ్చని రాశాను. ఆడిట్ ఆయన నిజంగానే వచ్చాడు, వంగి పట్టా ఎత్తి నంబరు ప్లేటు చదివి, టార్చ్ వేసి మళ్లీ చదివి, "ఉన్నయ్," అన్నాడు, కొంచెం నిరాశగా.

డీఈ గారి గదిలో విచారణ నాడు, నా పైఆఫీసర్‌కి తెలుసా అన్న ప్రశ్న వచ్చింది. నేను ఏం చెప్పాలో తేల్చుకునేలోపే ఏడీఈ సార్, "నా దృష్టిలో ఉన్నది సార్," అన్నారు. ఏడాదిగా 'చూశాను' దాటి ఒక్క అక్షరం రాయని మనిషి. ఆ ఒక్క మాటకు ఆయనకూ ఒక కాగితం వచ్చింది. నాకు హెచ్చరికతో సరిపెట్టారు. అదే నెలలో మా డివిజన్‌లో ప్రతి సబ్‌డివిజన్‌కి ఒక ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో ఉంచుకోవచ్చని నోటి మాటగా చెప్పారు, కాగితం మీద కాదు. ఎవరు మొదలుపెట్టారన్నది ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

ఆ ఎండాకాలం బదిలీల్లో నన్ను టౌన్ సెక్షన్‌కి వేశారు. ఇక్కడ మడులు లేవు, అపార్ట్‌మెంట్ల లిఫ్టులున్నాయి. కొత్తగా వచ్చిన ఏఈకి చార్జి ఇచ్చేటప్పుడు లాంగ్ బుక్ చూపించి అంతా చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు, చేరిన రెండో రోజే పట్టా కింద రెండూ స్టోర్‌కి వాపస్ పంపేశాడని ఎల్ఐ ఫోన్ చేసి చెప్పాడు. తప్పు పట్టలేను, నోటీసు కథ అతనికీ తెలుసు, ఇంట్లో చిన్న పిల్లలు.

మొన్న మార్చిలో, పొద్దున ఆరున్నరకి, మళ్లీ ఎల్ఐ ఫోన్. వెనక మనుషుల అరుపులు వినిపిస్తున్నాయి.

"మేడం, గా లాంగ్ బుక్కు ఏ బీరువల వెట్టిన్లు? సార్ అడుగుతుండు."